దండెం

పొద్దున ఏడున్నరకి పోతుంది.
పదకొండు దాటాక, ఎవరూ పిలవకుండానే,
పక్కింట్లో పాలు తాగొచ్చిన పిల్లిలా
చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది.
ఈలోగా రూటరు మీద ఎర్ర చుక్క
ఆరుతూ వెలుగుతూ,
కళ్ళకలక వచ్చిన పిల్లాడి చూపు.

కొళత్తూరులో రెండో అంతస్తు, వెనక వాటా.
ఆసుపత్రి కాయితాలకి అంకెలు వేసే పని నాది.
ఎక్కడో ఎవరిదో విరిగిన మణికట్టు
నా తెర మీద సగంలో ఆగిపోతుంది.
"మీరు కనిపించడం లేదు" అని మేనేజరు పెట్టిన మెసేజి
అది కూడా పదకొండు తర్వాతే చేరుతుంది.

చెయ్యాల్సినవన్నీ చేశాను.
ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వేశాను.
ముప్పై చాలదేమోనని వంద లెక్కపెట్టాను.
ఎదురింటాయన దొంగిలిస్తున్నాడని పాస్‌వర్డు మార్చాను,
ఆయనది బటన్ల ఫోనని తర్వాత తెలిసింది.
కిటికీలో పెట్టాను, బీరువా మీద పెట్టాను,
ఒక శుక్రవారం (నవ్వొద్దు)
దేవుడి గూట్లో కూడా పెట్టాను.
కంపెనీ నంబరుకి చేస్తే ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది,
నలభై నిమిషాలు వీణ వినిపించింది.

లైన్లు చూసే కుర్రాడు ఇలంపరిది
మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మధ్యాహ్నమే.
అప్పటికి పచ్చదీపం
బడిపంతులు ముందు పిల్లాడిలా బుద్ధిగా ఉంటుంది.
"బాగానే ఉందే అక్కా" అంటాడు.
"నువ్వొస్తే బాగానే ఉంటుంది తమ్ముడూ" అంటాను
సూళ్ళూరుపేట తెలుగులో తడిసిన నా తమిళంలో.

అప్పుడిక క్యాలెండరు వెనక రాయడం మొదలుపెట్టాను.
సోమవారం, ఏడూ ముప్పై అయిదు నుంచి పదకొండూ పది.
మంగళవారం అంతే.
బుధవారం ముసురు. సాయంత్రం దాకా రాలేదు.
గురువారం ఎండ మండింది. తొమ్మిదికే వచ్చేసింది.
ఆదివారం అసలు పోనే లేదు.

వానకి ఆలస్యం, ఎండకి తొందర.
ఇది యంత్రం లెక్కలా లేదే
అమ్మ వడియాలు ఎండబెట్టే లెక్కలా ఉందే అనుకుని
సోమవారం ఏడున్నరకి మేడెక్కాను.

నీళ్ళ ట్యాంకు నుంచి మెట్లగది కొక్కెం దాకా
సన్నగా, నల్లగా, మా ఇంట్లోకి దిగే తీగ.
దాని మీద వరసగా
పన్నెండు నీలం చొక్కాలు, నీళ్ళోడుతూ.
బరువుకి తీగ నడుం వంగిపోయి ఉంది.
లోపల వెంట్రుకంత గాజుపోగు అక్కా,
మరీ వంగితే వెలుతురు పక్కకి కారిపోతుంది
అని ఇలంపరిది తర్వాత చెప్పాడు.

తాడుని చూసి పామనుకున్నవాళ్ళ సంగతి విన్నాను.
వెలుతురుని చూసి దండెం అనుకున్న మనిషి
రెండు క్లిప్పులు నోట కరుచుకుని
నా వైపు తిరిగింది. కింది వాటా అరుళ్‌మేరి.

మూడు వారాల కోపం పులిసి పొంగి ఉంది నాలో.
నోరు తెరిస్తే
"ఇవన్నీ ఎవరివి?" అని మాత్రం వచ్చింది.
పెట్రోలు బంకు కుర్రాళ్ళవి. జతకి పదిహేను రూపాయలు.
పాత తాడు తెగి నెలయింది.
ఓనరు చూద్దాం అన్నాడట, ఇంకా చూస్తూనే ఉన్నాడట.
ఆదివారం చర్చి, ఉతకదు.

పెరంబూరు బజారులో నైలాను తాడు,
పది మీటర్లు, ఎనభై రూపాయలు.
ఇద్దరం కట్టాం. నేను వేసిన ముడి చూసి
ఏమీ అనకుండా విప్పి, మళ్ళీ వేసింది.

ఇప్పుడు ఏడున్నరకి
ఎవరి మణికట్టయినా పూర్తిగా తెరుచుకుంటుంది.
అయినా పైన బకెట్టు చప్పుడైతే
నా వేళ్ళు మీటల మీద ఒక్క క్షణం ఆగుతాయి.

మొన్న ఉన్నట్టుండి చినుకులు పడితే
పని మధ్యలో లేచి మేడ మీదికి పరిగెత్తాను.
పన్నెండింట్లో ఆరినవి ఆరే.
మిగతావి నా గదిలో, ఫ్యాను కింద,
రూటరు చుట్టూ కుర్చీల మీద
చేతులు వేలాడేసుకుని కూర్చున్నాయి.