నకలు ఇచ్చేటప్పుడు

సోమవారం. అర్జీల జనం
ఆమదాలవలస బస్సెక్కి వెళ్లిపోయాక
ఇన్వర్డు పుస్తకంలో రెండు నంబర్లు వేశాను,
పక్కపక్కనే, ఒకే సిరాతో.
సమాచార అధికారి అని గోడమీద రాసింది నా పేరే.

మొదటిది టైపు కొట్టించిన కాగితం,
ఐదు రూపాయల కోర్టు స్టాంపు మూలకి అతికినట్టుంది.
వంశధార రేవులో ఆ రాత్రి ఆపిన ఇసుక లారీల
తనిఖీ రిపోర్టు కావాలట.
న్యాయమే, ఇవ్వాల్సిందే.
రాసినావిడ పేరు, హోదా. అదీ న్యాయమే.
ఆవిడ అద్దెకుండే ఇంటి నంబరు,
సెల్లు నంబరు,
ఏ రోజు ఏ దారిన ఎన్నింటికి డ్యూటీ దిగుతుందో
ఇక్కడికొచ్చాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

రెండోది గీతల నోటుబుక్కులో చింపింది.
మనవరాలి దస్తూరీ, ముసలమ్మ వేలిముద్ర.
దుంపల అప్పలనరసమ్మ, ముప్పై ఎనిమిది సెంట్ల మెట్ట.
"మా పేరు కొట్టీసి ఎవులి పేరో ఎక్కించినారు.
ఆ సంతకం ఎట్టినోడెవుడో నాకు తెలవాల."
'దయచేసి' అన్న మాట ఎక్కడా లేదు.

డిప్యూటీ గారు రెండూ చూసి నవ్వారు.
"మార్కరుంది కదా మేస్టారూ,
రెండింట్లోనూ పేర్లు నలిపేయండి.
ఇద్దరూ మనోళ్లే, ఇద్దరికీ ప్రాణభయమే."

ప్రాణభయం నాకు కొత్త మాట కాదు.
పన్నెండేళ్ల కిందట ఇంకో మండలంలో
అడిగినవాడికి అడిగినట్టు డ్యూటీ చార్టు ఇచ్చాను,
పేజీకి రెండు రూపాయలు, రసీదు చింపి మరీ.
పదో రోజున మా సర్వేయరు యజ్జల సింహాద్రిని
కల్వర్టు పక్క తుప్పల్లోంచి మోసుకొచ్చారు.
బతికాడు. గొలుసు పట్టిన చెయ్యి మాత్రం
ఇప్పటికీ నిండు గ్లాసు టీ ఎత్తలేదు.
ఆ కాగితం మీద 'నిజ నకలు' ముద్ర నాదే.

అలాగని
అప్పలనరసమ్మ భూమి మీద పడ్డ సంతకం
వాడింటి తలుపా, గడియ వెయ్యడానికి?
అది ఆవిడ పొలం గట్టు.

బిడ్డిక సుమలతని పిలిచాను.
సీతంపేట కొండల పిల్ల. ఉద్యోగమొచ్చి మూడేళ్లు.
స్కూటీకి ఒక అద్దం విరిగే ఉంటుంది,
ఎలా విరిగిందో నేనెప్పుడూ అడగలేదు.
దరఖాస్తు ఒక్కసారి చదివింది.
"పేరు ఉంచీండి సార్.
లారీ నంబర్లు రాసింది నేనేనని తెలియాల.
దారి కొట్టీండి, చాలు."

కొట్టాను.
కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తే
నలుపు వెనక అక్షరాలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి.
కొట్టిన కాగితాన్ని మళ్లీ జెరాక్సు తీసి
ఆ రెండో నకలే కవర్లో పెట్టాను.
ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

కవరు అంటిస్తూ అటెండరు త్రినాథ అన్నాడు కదా,
"ఎందుకండీ ఇంత కట్టం?
కిళ్లీ బడ్డీ కాడ ఎవుల్నడిగినా చెప్తారు,
నీలం తలుపు, ముందల మునగసెట్టు."
నిజమే. మా ఊళ్లలో చిరునామా గాల్లోనే ఉంటుంది.
అయినా బడ్డీవాడు చెబితే అది వాడి నోరు.
నేనిస్తే గవర్నమెంటు సీలు.

రెండో దానికి పేరు, హోదా, తేదీ, ఫైలు నంబరు
ఒక్క గీత పడకుండా ఇచ్చాను.
డిప్యూటీ గారు నాతో మాటలు మానేశారు.
అప్పలనరసమ్మ కాగితం తలకిందులుగా పట్టుకుని
"ఇందల ఆడి పేరేదీ?" అంది.
వేలు పెట్టి చూపించాను.
దాని మీద తన బొటనవేలు ఆనించి
చాలాసేపు ఉంచింది, జ్వరం చూసినట్టు.

రాత్రి అన్నం కలుపుతుంటే
నా వేలి కొసన ఇంకా మార్కరు నలుపు.
ఫోను కంచం పక్కనే.
'ఇంటికొచ్చీసాను సార్' అన్న మెసేజి పడితేగానీ
మజ్జిగ పోసుకోను.