శనివారం ఆఖరి పీరియడ్

పందొమ్మిదేళ్ళు
ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ
"ఇది ఇంట్లో చదువుకోండి" అని
నాలుగు పేజీలు ఒక్క వేలితో తిప్పేసినా.
కప్ప గుండెకు గదులెన్నో బోర్డు నిండా గీసినా,
మనిషి పిల్ల దగ్గరికొచ్చేసరికి
సుద్దముక్క అరిగిపోయేది.

ఈ ఏడు టైంటేబుల్లో కొత్త గడి పెట్టినారు:
శనివారం ఆఖరి పీరియడ్, జీవన నైపుణ్యాలు.
ఫిజిక్స్ సారు దాన్ని అప్పడిగినాడు,
తరంగాలు మిగిలిపోయినాయంట.
ఇచ్చేద్దామనే అనుకున్నా.
అప్పుడు రెండో బెంచీలో కుముద లేచి
"ఇంట్లో అంటే, ఎవర్నడగాల మేడమ్?" అనింది.

ఆ పిల్ల ఇంట్లో నాలుగు మరమగ్గాలు.
నగరిలో వాళ్ళ వీధిలో
అన్నం పెట్టమన్నా అరవాల,
చిల్లర లేదన్నా అరవాల.
గుసగుసగా అడగాల్సినవి
ఆ మోతలో ఎట్ల అడుగుతారు?

సారుకు పీరియడ్ ఇయ్యలేదు.

మొదటి వారం
అంగట్లో నల్ల కవరు చుట్టిచ్చే ప్యాకెట్టును
కవరు తీసి టేబుల్ మీద పెట్టినా.
వెనక బెంచీలు నవ్వినాయి.
"ధనశేఖరూ, మీ అక్కకు కడుపునొప్పొస్తే
అంగడికి పొయ్యేదెవరు?"
"నేనే మేడమ్."
"మరి ఇప్పుడు నవ్విందెవరు?"
వాడు కాసేపు డెస్కు గీకి
"అదీ నేనే" అన్నాడు.

తర్వాత,
ఒకసారి పంపిన ఫోటో తిరిగి చేతికి రాదని,
పంపినంత మాత్రాన బతుకు అయిపోదని,
బెదిరించేవాడికి డబ్బు కాదు
నమ్మినోళ్ళకు కబురు పంపాలని.
షేర్ ఆటో ఎక్కేముందు నంబరు చూడాలని.
గడ్డం ఇంకా మొలవనోడు ఎవరికీ తక్కువ కాదని.
రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం కూడా
జ్వరం మాదిరి చెప్పుకోవచ్చని.
ఇది చెప్పేటప్పుడు ఎవరూ నవ్వలేదు.
ఎవరూ నన్ను చూడలేదు కూడా.

ఎముక విరిగితే దగ్గర్లోనే పుత్తూరుంది,
ఆకు పసరు పూసి కట్టు కట్టేస్తారు.
మాట లోపల్లోపల విరిగితే
కట్టు యాడ కడతారో
నాకూ తెలీదు. అదీ చెప్పినా.

ఆ శనివారం పాఠం ఒకే మాట: వద్దు.
నలభై ముగ్గురూ కలిసి అనండి,
కొండ ముక్కు దాకా వినపడాల అన్నా.
మొదట దోమ పాడినట్టు.
రెండోసారి తప్పయిపోయింది అన్నట్టు.
మూడోసారి, గోడ అవతలి మగ్గాల మోతను
అండ చూసుకుని గట్టిగా మొదలుపెట్టినారు.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారి ఆగినాయి.
గొంతులన్నీ సిగ్గుపడి ఆగినాయి.
ఒక్కటి మాత్రం ఆగలేదు.
"వద్దు. వద్దు. వద్దంటే..."

కుముద.
కళ్ళు మూసుకునే ఉండాది.

తొందరపడినా. ఇన్నేళ్ళు ప్రశ్నలడిగిన నోరు గదా.
"ఎవరితో అన్నావమ్మా?"
అందరి ముందరే అడిగేసినా.
ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్నే చూసింది.
"ఇప్పుడు వద్దు మేడమ్."

పందొమ్మిదేళ్ళలో
ఒక పిల్ల నాతో వద్దు అనడం అదే మొదలు.
నేర్పింది నేనే, అయినా చెవులు మండినాయి.
వద్దు అనడానికి వాళ్ళకు మూడుసార్లు పట్టింది.
సరే అనడానికి నాకెంతసేపు పట్టిందో
కరెంటు లేని ఆ గదికే తెలుసు.

సోమవారం ఇంటర్వెల్లో
ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది.
కప్పల సీసాలు పక్కకు జరిపి
రెండు కుర్చీలు వేసినా.
తలుపు మూసేదా, తెరిచి ఉంచేదా అనడిగినా.
గోడ అవతల మగ్గాలు మోగుతానే ఉండాయి.
ఆ పిల్ల బాగా ఆలోచించుకుని
"సగం" అనింది.