గుడ్ల ట్రే

డాన్యూబ్ ఒడ్డున, ఇజ్మాయిల్ రేవులో
పగలంతా గోధుమల లెక్క రాస్తుంది హ్లఫీరా.
ఎన్ని టన్నులు ఓడెక్కాయి, తరుగెంత,
ఎలుకల వాటా ఎంత.
రాత్రి పదింటికి అదే కళ్లద్దాలతో
పికప్ బండి వెనక ఎక్కి
సర్చ్‌లైటు పట్టుకుంటుంది.

దూరంనుంచి దాని చప్పుడు
సైలెన్సర్ ఊడిన మోపెడ్ మీద
తాగినవాడెవడో ఇల్లు వెతుక్కుంటున్నట్టు.
దగ్గరికొస్తే మాత్రం
వాడికి ఇల్లు తెలుసనిపిస్తుంది.

ఎక్కడో రేకుల షెడ్డులో షిఫ్టు పిల్లలు
రోజుకిన్నని బిగిస్తారు. బోనసు కూడా ఉందట.
ఒక్కోదాని ఖరీదు ఓ పాత కారు.
దాన్ని కూల్చడానికి లేచే క్షిపణి ఖరీదులో
ఓ బడికి కొత్త పైకప్పు, బాయిలరు,
పదేళ్ల జీతాలు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని
మనం నవ్వుకునే మాటని
అక్కడ పద్దులో రాసుకుంటారు.
పిచ్చుకకీ తెలుసు.
అందుకే వస్తుంది.
అస్త్రాలు అయిపోయేదాకా వస్తూనే ఉంటుంది.

కొన్నిట్లో మందుగుండు కూడా ఉండదు.
పోయిన నెల పుచ్చతోటలో పడినదాన్ని విప్పితే
ప్లైవుడ్డు, టేపు, ఓ ఇసుక సంచి.
మోసపోడానికి వీళ్లెంత ఖర్చు పెడతారో
చూసిపోదామని
అంత దూరం ఎగిరొచ్చింది.

అందుకే ఈ బండి.
తాతల నాటి మెషిన్ గన్ను,
దాని వెనక సంగీతం మాస్టారు తిమొఫీ.
చెవి రిక్కించి చెబుతాడు:
"శ్రుతి కాస్త దిగింది. బరువు మోస్తోంది.
ఇది ఖాళీది కాదు."

ఆ రాత్రి నాలుగొచ్చాయి.
మూడు మబ్బుల్లోంచే వెళ్లిపోయాయి.
నాలుగోది రెల్లుపొదల మీదుగా, కిందుగా,
రేవు వైపు.
హ్లఫీరా వెలుగేసింది.
రెండువందల పన్నెండు తూటాలు.
రెక్క విరిగింది.

ఆమె బుర్ర దానంతటదే కూడేసింది
తూటాలు, డీజిలు, థర్మాసులో టీ.
ఈ తీరంలో ఇంత చౌకగా
ఇంతవరకూ ఎవరూ కూల్చలేదు.
డ్రైవరు ఓనుఫ్రీ హారన్ కొట్టాడు
పెళ్లి బండిలా.

అది పడింది
ఊరి చివర దోమ్నా వంటపాక మీద.

తెల్లారాక నష్టం రాసుకునేవాళ్లు వచ్చారు.
కిటికీలు రెండు. రేకులు పదకొండు.
కోళ్లు, బతికినవి ఆరు.
దోమ్నా పేరు వేరే కాగితంలో ఉంది,
దాన్ని వేరే ఆఫీసువాళ్లు పట్టుకెళ్లారు.

పై అధికారి ఫోన్ చేసి శభాష్ అన్నాడు.
రేవు మీద పడుంటే గిడ్డంగి మొత్తం పోయేది.
అది ఎంతో
అతనికన్నా ఆమెకే బాగా తెలుసు,
ఆ పుస్తకం రాసేది ఆమే కదా.
పైనుంచి కిందికి కూడింది.
కిందినుంచి పైకి కూడింది.
సరిపోయింది.

బండి సీటు కింద అట్ట ట్రే ఒకటుంది,
ముప్పై గుంటలది.
సోమవారం కంచె మీంచి అందిస్తూ దోమ్నా అంది:
"డబ్బులు ఎప్పుడైనా ఇవ్వు తల్లీ,
ట్రే మాత్రం తెచ్చియ్యి.
ఈ రోజుల్లో అవి దొరకట్లేదు."

బండి కడుగుతూ ఓనుఫ్రీ
దాన్ని చెత్తలో వెయ్యబోయాడు.
హ్లఫీరా అతని చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ" అంది.
"అది మనది కాదు."