అప్ప రంగు

పెద జాలారిపేటలో టీవీకి
ముందు తుప్పు వైద్యం, తర్వాతే బొమ్మ వైద్యం.
వెనక మూత విప్పేసరికి
నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది సముద్రం,
పిన్నుల మీద పచ్చగా.
పాత టూత్ బ్రష్షూ, కాస్త స్పిరిట్టూ, నా నోటి గాలీ.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా వైద్యశాల.

ఇవాళ ఆ పని కాదు.
"బొమ్మ వత్తంది బాబూ, రంగే బాగోనేదు"
అంది నూకరత్నం, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

ద్వారకానగర్ షోరూంలో
నలభై టీవీల మధ్య గొంతు వినబడాలని పెట్టిన వెలుగు.
ఇంటికొచ్చి ఎనిమిది నెలలైనా
ఇంకా అరుస్తూనే ఉంది.
డిష్ పెట్టెలో వార్తలు చదివే అమ్మాయి
జాంగ్రీ రంగులో ఉంది.
కొంత వెలుగు తీశాను, కొంత రంగు తీశాను,
బుగ్గల మీదికి మనిషి వచ్చింది.

మనవడు ఎల్లాజీ ఫోను కలిపాడు.
వాడి క్రికెట్‌కి నా అవసరం లేదు.
ఆ పచ్చగడ్డి ఎంత పచ్చగా ఉంటే వాడికంత ఇష్టం.

చివరికి గూట్లోంచి పెన్ డ్రైవ్ తీసింది నూకరత్నం,
పసుపు పొట్లం విప్పినట్టు
గుడ్డ విప్పి.
అప్ప పెళ్లి.
ముప్పై ఏళ్ల కిందటి కేసెట్టుని
పూర్ణా మార్కెట్ దగ్గర ఎవరో ఇందులోకి దింపారు.

తెర మీద పెళ్లికూతురు
బియ్యప్పిండితో చేసినట్టుంది.
పందిరి వెనక రాత్రి కూడా
బూడిద.

"మా అప్ప ఇంత తెలుపు కాదు బాబూ."

నిజమే. నలుపు ఎక్కడ మొదలవుతుందో
ఈ పెట్టెలకి మాట కలవదు.
ఒకటి సున్నా దగ్గరంటుంది,
ఒకటి పదహారు దగ్గరంటుంది.
ఆ మధ్య దూరంలో పడి
మనుషులు వెలిసిపోతారు.
పైగా స్టూడియోవాడు
"పెళ్లికూతురు కదా" అని తన వంతు సున్నం వేశాడట.

నా సంచిలో రంగుల పట్టీలున్న డిస్కు ఉంది.
బయటికి తీసే పని పడలేదు.
నూకరత్నం వచ్చి తన మోచెయ్యి తెర పక్కన ఆనించింది.
"దీనికన్నా పిసరు నలుపు. ఇంకా. ఇంకా దించు.
ఎర్రగా చెయ్యకు, ఎండలో వేగిన నలుపు అది.
ఆఁ. ఉండు. ఇంకొక్కటి."

నలుపు దిగేకొద్దీ
పందిరి వెనక ఏదో పైకి తేలింది.
పడవ ముక్కు. దాని మీద ఆరేసిన వల.
గ్యాసు లైటు మోస్తున్న కుర్రాడు.
ఇంతకాలం తెల్లదనంలో మునిగి ఉన్నారు వాళ్లంతా.
"ఒరే, మా కాసయ్య మావ!" అంది.

అప్ప గురించి అడగకూడదనే అనుకున్నాను.
ఇలాంటి ఇళ్లల్లో
పాత వీడియోలో మనిషి ఇప్పుడెక్కడని అడగం.
ఆమే చెప్పింది:
"రేపు పూడిమడక నుంచి వత్తాది.
తెల్లగా కనబడితే
నాను కాదేటే అది, ఎవత్తే అని
నన్ను పట్టుకు కొడతాది."

ఈలోగా ఎల్లాజీ మళ్లీ డిష్ పెట్టె పెట్టాడు.
వార్తల అమ్మాయి ధగధగ.
నూకరత్నం గుండె జారింది. "పోయిందేటి?"
"పోలేదమ్మా. దేని సర్దుబాటు దానిదే.
పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు మీ అప్ప మీ అప్పలాగే ఉంటుంది."
నమ్మలేదు. మూడుసార్లు పెట్టించింది, తీయించింది.

రెండొందలడిగితే నూట యాభై ఇచ్చి,
గుమ్మం దాకా వచ్చి మిగతా యాభై కూడా ఇచ్చింది.
"తెలుపు చేసి డబ్బులట్టుకున్నోళ్లని చూసినాను గానీ
నలుపు చేసి అట్టుకున్నోడివి నువ్వే."

సిరిపురం సిగ్నల్ దగ్గర
క్రీము హోర్డింగు మీద ఒక అమ్మాయి
సాయంత్రాన్నంతటినీ ఆర్పేసేలా వెలుగుతోంది.
నా మోచెయ్యి ఎత్తి ఆమె పక్కన పెట్టి చూశాను.
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.