పది కిలోల మెట్లు

మామిడి సీజన్లో నా కాటా నిద్రపోదు.
దామలచెరువు రోడ్డులో, మండీలకు ఇవతల,
తోతాపురి లోడ్లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి.
బండి పళ్ళెం ఎక్కుతుంది, నేల చిన్నగా మూలుగుతుంది,
కిటికీలోంచి చీటీ చించి ఇస్తాను:
లోడు బండి ఇంత, ఖాళీ బండి ఇంత,
మిగిలింది కాయ.

పద్నాలుగేళ్ళుగా ఇదే కుర్చీ.
అది నా ఆకారం నేర్చుకుంది,
నేను దానిది.

మోకాలు నొప్పని తిరుపతి పెద్దాసుపత్రికి పోతే
హిమజ అని ఒక పిల్ల, మా చిన్నదాని ఈడుది,
చీటీ వెనక గీతలు గీసింది,
ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, చేతివేళ్ళ మాదిరి.
"అక్కా, దినమ్మూ ఒకే లెక్కన తింటే
ఒళ్ళు ఆ లెక్కకు అలవాటు పడిపోతుంది.
రెండు దినాలు పన్నెండొందల క్యాలరీలు, ఒక దినం రెండు వేలు,
మిగతావి పదహారొందలు.
రేపేం వస్తుందో దానికి తెలీకూడదు."

అంటే ఒంటిని మోసం చెయ్యమని.

మోసం నాకు కొత్తా?
టాంకీ నిండా నీళ్ళతో లోడు తూకం వేయించి
ఖాళీ తూకానికి ముందు కాలవలో వదిలేసేవాళ్ళను చూశాను.
క్లీనరు పిల్లోణ్ణి టార్పాలిను కింద పడుకోబెట్టి
వాణ్ణి కూడా మామిడికాయల లెక్కలో అమ్మబోయిన రెడ్డెప్పను
పట్టుకుంది నేనే. టార్పాలిను తుమ్మింది.
అట్లాంటిదాన్ని, ఇప్పుడు
నా కడుపుకి నేనే దొంగచీటీలు రాస్తున్నాను.

సోమవారం: మజ్జిగ, దోసకాయ, అరముద్ద సంగటి, ఎనిపిన ఆకు.
మంగళవారం అదే, ఇంకాస్త కోపం కలిపి.
ఆ రెండు దినాలూ డ్రైవర్లు నాతో బేరమాడరు.
పగిలిన కాయ ఒకటి పళ్ళెం మీద రసం కారుతుంటే
నూరు గ్రాములకు అరవై అని గొణుక్కుని
ఈగలకు వదిలేశాను.

బుధవారం కోడి కూయకముందే మెలకువ.
పండగ కాదు, పెళ్ళి కాదు, వట్టి బుధవారం.
రెండు ముద్దలు, నడిమి గుంటలో నెయ్యి,
చెనిక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు.
చెయ్యి కడగబుద్ధి కాదు.
నలభై ఆరేళ్ళు తిన్నాను గానీ
తిండి కోసం ఎదురుచూసింది ఇప్పుడే.

ఈ ఏడు గంగజాతర మంగళవారం వచ్చి పడింది.
మా వదిన కువలమ్మ చెంబెడు అంబలి, గిన్నెడు పొట్టేలు కూర తెచ్చి
"అమ్మోరి కాడ కూడా లెక్కలేనా మే?" అనింది.
తిన్నాను.
హిమజకు ఫోను చేస్తే నవ్వింది:
"ఏం కాదులే అక్కా, బుధవారం ఒక దినం ముందే వచ్చింది.
రేపు మంగళవారం చెయ్యి."

ఫోను పెట్టేశాక మా అమ్మ గుర్తుకొచ్చింది.
బెల్లం గానుగ కాడ కూలి.
పని దొరికిన దినం రెండు ముద్దలు,
దొరకని దినం కుండలో తేట.
రేపేం వస్తుందో ఆమె ఒంటికీ తెలీదు.
అచ్చం ఇదే లెక్క, ఎవరూ గీతలు గీసివ్వలేదు.
చాలా సన్నగా ఉండేది.
ఈ సంగతి హిమజకు చెప్పలేదు.

ఈ రాత్రి ఆఖరి బండి పోయాక లైటార్పి, చెప్పులు విడిచి
పళ్ళెం మీదికి ఎక్కాను.
నా కాటా పది కిలోల మెట్లలోనే మాట్లాడుతుంది,
చిల్లర దానికి పట్టదు.
ఉగాది నుంచి తొంభై అంటూనే ఉంది.
గాజుపలక అవతల ఎర్రంకెలు ఒకసారి వణికి
ఎనభై.

నాకు తెలుసు, ఎనభై ఆరు ఎనభై నాలుగయింది, అంతే.
అయినా చీటీ కొట్టాను.
బండి నంబరు కాడ ఏం రాయాలో తోచక
ఖాళీగా వదిలేశాను.

రేపు బుధవారం.
ఎల్లుండి మళ్ళీ తొంభై అంటుందేమో. అననీ.
కోడికి అడ్వాన్సు ఇచ్చేశాను.