కుట్టుబల్ల

ఇప్పటి హార్బరు అప్పటికింకా ఉప్పుటేరు.
బురద, మడచెట్లు, పీతల బొరియలు.
స్టీమర్లు మైలు దూరాన లంగరేసి
అక్కణ్ణుంచే కూతపెట్టేవి.
కుట్టుపడవలు అలలమీద ఎగిరెగిరి వెళ్లి
దొరల్నీ, ట్రంకుపెట్టెల్నీ,
రంగూనులో అంటుకున్న జ్వరాల్నీ
ఒడ్డుకి మోసుకొచ్చేవి.
ఆ పడవల్లో మేకు ఒక్కటీ ఉండేది కాదు.
పలకకీ పలకకీ కొబ్బరితాడు కుట్టు.
మేకు మొండికేస్తుంది, తాడైతే అలతో రాజీపడుతుంది
అనేవారు జాలార్లు.

కోటవీధి చివర మా బడికి బల్లలేని ఏడాది
జగ్గప్ప పంతులుగారు గోడమీదే రాసేవారు,
తెల్ల సున్నంమీద బొగ్గుతో.
మా అక్షరాలు ముందు నల్లగానే పుట్టాయి.

ఆశ్వయుజంలో గాలివాన వెలిసిన పదోనాడు
వడ్రంగి సన్నాసి నాలుగు మామిడి పలకలు
బండిమీద తెచ్చాడు. ముప్పావలాకి బేరం.
చిత్రిక పట్టి, వెనక అడ్డకర్రలు బిగించాడు,
ఈసారి మేకులతోనే.
ఎల్లమ్మి కొబ్బరిచిప్పల బొగ్గు నూరి
గుంటగలగరాకు పసరులో, తుమ్మజిగురులో కలిపి
పాతకోక పేలికతో మూడు పూతలు పూసింది.
మోచేతులదాకా నలుపు.
చూసి నవ్వాం.
ఆ నవ్వుని ఇప్పటికీ కడుక్కోవాలనిపిస్తుంది నాకు.

అంచుల్లో తాడు దూరిన బెజ్జాలు మాత్రం పూడలేదు.
వరసగా, జానెడుకి మూడు.
వెనక కిటికీ. పొద్దెక్కితే
బెజ్జం బెజ్జంలో ఓ వెలుగు చుక్క.
పంతులుగారు 'ర' రాస్తే అది 'ఠ' అయిపోయేది.
'వరద' అని రాస్తే
'వఠద' అని గొంతెత్తి చదివేవాళ్లం.
దెబ్బలు తిన్నాం. మళ్లీ చదివాం.

వానలు పట్టాక ఇంకో తంటా.
తెల్లారి తలుపు తీసేసరికి
బల్లమీద ఎవరో రాసిపోయినట్టు ఉప్పు.
చెక్కలోంచి ఊరి, పూత చీల్చుకొని
వంకర్లు, తోకలు, ఒత్తులు.
తడిగుడ్డతో తుడిస్తే
మర్నాటికి మళ్లీ.
"సముద్రానికి గుణింతం రాదురా,
కానీ బడి మానదు" అనేవారాయన.

మైలపల్లి కొర్లయ్య మాతో చేరింది ఆ వానల్లోనే.
జీతం పాదిరిగారెవరో కట్టారట.
గుమ్మం పక్కన కూచునేవాడు.
కూచోమన్నది అక్కడే.
బల్లకేసి చూసేవాడు గాని
బల్లమీది రాతకేసి కాదు.

ఒక బుధవారం తీసివేతలు.
"ఏడు పడవలు స్టీమరు దగ్గరికి పోయాయి.
అయిదు తిరిగొచ్చాయి.
రావలసినవి ఎన్నిరా, కొర్లయ్యా?"

వాడు లేచాడు.
మా చాపలన్నీ దాటుకొని బల్లదాకా వచ్చాడు.
కింది పలక మూల, మూడో బెజ్జంలో
చిటికెనవేలు పెట్టాడు.
ఒకప్పుడు మొత్తం దూరిన వేలేమో,
ఇప్పుడు సగమే దూరింది.
"ఒకటే బాబూ.
రెండోది ఇదేనండి. మా అయ్యది."

పంతులుగారు ౨ వేశారు.
చెరిపారు.
౧ వేశారు.
ఆ రోజంతా అలాగే ఉంచారు.
ఆ తర్వాత ఉప్పు తుడవలేదు,
ఉప్పు విడిచిన చోట్లలోనే పాఠం రాశారు.
కొర్లయ్య మాత్రం గుమ్మం పక్కనే కూచున్నాడు.
అది మార్చాలని ఆయనకీ తోచలేదు,
మాకూ తోచలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి బల్ల తీయించాడు.
మద్రాసునుంచి కొత్తది దిగింది,
నున్నగా, ఒక్క బెజ్జం లేకుండా.
దానిమీద నేర్చుకున్నదేదీ నాకు గుర్తులేదు.

చాలా ఏళ్లకి, ఏరు తవ్వి ఓడల్ని లోపలికే రప్పించాక,
కుట్టుపడవలకి పనిలేకుండా పోయాక,
జాలారిపేట ఒడ్డున చేపల వేలంలో
పాతబల్ల ఒకటి కర్రకి ఆనించుంది.
సుద్దతో ధరలు.
'వంజరం'లో 'ర' సరిగ్గా బెజ్జంమీద,
కావాలనే రాసినట్టు.
వెనకనుంచి సముద్రపు వెలుతురు.

మా ఇంట చేప వండరు.
అయినా ధర అడిగాను.
నెరిసిన మీసంలోంచి కొర్లయ్య
నన్ను పోల్చాడో లేదో,
బల్లకేసి వేలు చూపించి
"సదువుకోండి" అన్నాడు.