తొమ్మిదో విభాగం

కోటు శుభ్రం చేసినందుకు డబ్బు వద్దంది సిసానా.
బదులుగా నాలుగు మడతల కాగితాలు
నా వంటింటి బల్లమీద పెట్టింది.
"జర్మన్. నువ్వు బళ్లో చెప్తావుగా.
ప్రతి పీపాతోనూ వస్తుంది, పద్దెనిమిదేళ్లుగా.
తెంగిజ్ వాటితో పొయ్యి రాజేస్తాడు."

బయట తిబిలిసిలో మంచు, పడీ పడనట్టు.
ఎర్ర అంచు బొమ్మలు మాత్రం తనకు తెలుసట:
ఎండిన చెట్టు, పక్కనే వెల్లకిలా తేలిన చేప.
ఇంకోదాంట్లో
గుండెల్లో నక్షత్రం పగిలిన మనిషి.
"వీడికేదో పతకమిచ్చారనుకున్నా" అని నవ్వింది.

పదహారు విభాగాలు. పెన్సిలు చెక్కుకున్నాను.
వ్యాకరణం కష్టమేం కాదు. అన్నీ పొట్టి వాక్యాలు,
కర్త లేనివి. పీల్చరాదు. తాకరాదు.
కళ్లు తిరిగినవారిని ఆరుబయటికి తీసుకువెళ్లవలెను.
ఎవరు తీసుకెళ్తారు సిసానా, నీతో ఎవరుంటారు?
"మధ్యాహ్నం దాకా వాజా. ఆ తర్వాత రేడియో."

పదకొండోదాంట్లో ఒకటే మాట మళ్లీ మళ్లీ:
సమాచారం లేదు. సమాచారం లేదు.
"అబద్ధం" అంటూ చేతులు చాపింది.
వేళ్ల సందుల్లో చర్మం
నూనె తాగని చెక్కలా తెల్లగా చీలి ఉంది.
"ఇదిగో, ఉంది. రాసుకో."

తొమ్మిదోది అంకెలేగదా అని దాటేశాను.
టీ మరిగేలోగా వెనక్కి తిప్పాను.
ఆవిరి సాంద్రత, గాలి ఒకటి అయితే, అయిదు పాయింట్ ఎనిమిది.
"అంటే?"
అంటే గాలికన్నా బరువు, ఇంచుమించు ఆరింతలు.
పైకి లేవదు. దిగుతుంది. నీళ్లలాగా
మెట్లు కూడా దిగుతుంది.

మాట్లాడలేదు తను.
వాళ్ల కొట్టుకి వీధిలోంచి పదకొండు మెట్లు కిందికి.
ఫ్యాను పైకప్పు దగ్గర.
భోజనమయ్యాక వాజా
మిషను వెనక నేలమీద పరుపేసుకుని
కునుకు తీస్తాడు, అక్కడ వెచ్చగా ఉంటుందని.

"అక్కడ వాసనే రాదే!"
వాసన పోదు సిసానా, ముక్కు అలిసిపోతుంది.

ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.
టీ అలాగే ఉంది, శాలువా కూడా కుర్చీమీదే,
తను మా మెట్లు దిగుతున్న చప్పుడు.

(కుర్రాడు ఆ పూట బంతాటకి పోయాడట.
ముందు చెంపదెబ్బ, తర్వాత కౌగిలింత.)

శాలువా ఇవ్వడానికి వెళ్లి చూశాను.
నేల మట్టాన గోడకు కొత్త కంత,
దానికి ఫ్యాను బిగించి ఉంది.
వైరు కాళ్లకు తగులుతోందని తెంగిజ్ సణుగుడు.
పరుపు వీధి గుమ్మం పక్కకొచ్చింది;
చలికి వాజా తిట్లు.

నా కోటు పడగ్గదిలో ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోయింది,
ఆ తియ్యటి వాసనతో.
ఇన్నేళ్లూ దాన్నే
శుభ్రత అనుకున్నాను.

ఇప్పుడది బాల్కనీలో వేలాడుతోంది.
ఇవాళ్టికి నాలుగో రోజు.
ఇంకా లోపలికి తేలేదు.